ముంపు మండలాల్లో లెక్క ఊరి వారీగా కట్టాలి

సంపాదకులకు నమస్కారం.

గోదావరి ముంపు మండలాల్లో వానాకాలం ముందు ఏటా సమీక్షలు పెడతారు. పడవలెన్ని, పునరావాస కేంద్రాలెన్ని, గోదాముల్లో బియ్యం ఎన్ని టన్నులు అని మండలం మొత్తానికి కలిపి చదువుతారు. కూనవరం, వీఆర్‌పురం, చింతూరు, ఎటపాకల్లో ఆ మొత్తం లెక్క అక్కరకు రాదు. వాగులు పొంగి దార్లు తెగాక మండలం కాగితం మీదే మిగులుతుంది, నేల మీద ఉండేవి విడివిడి దీవులు. అడగాల్సింది ఊరి గురించి: బయటి నుంచి ఏమీ రాకపోతే ఈ ఊరు ఎన్ని రోజులు నెట్టుకురాగలదు?

ఈ లెక్కలో సగటు తీస్తే మోసపోతాం. బియ్యం నెలకు సరిపడా ఉండి, మంచినీళ్లు రెండు రోజులకే ఉంటే ఆ ఊరు నిలిచేది రెండు రోజులే.

మొదట తేల్చాల్సింది మట్టం. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు వచ్చింది, 2022 జులైలో 71.3. ఈ అంకెలు అందరికీ నోటికొచ్చు. కూనవరం మనిషికి కావాల్సింది వేరు: భద్రాచలంలో ఎన్ని అడుగులుంటే మా దారి తెగుతుంది, ఎన్ని అడుగులకు మా బడి మెట్టు తడుస్తుంది? గోదావరి నిండుగా ఉంటే కూనవరం దగ్గర అందులో కలిసే శబరి నదికి చోటు లేక నీళ్లు వెనక్కి ఎగదన్నుతాయి. శబరి ఒడ్డునున్న చింతూరులో చినుకు లేకపోయినా నీరు ఎక్కేది అందుకే. చింతూరు, వీఆర్‌పురం మధ్య సోకిలేరు వాగు లాంటివి ఈ ఎగపోటుకే దారి మూసేస్తాయి.

2022 నాటి నీటి చార ఉన్న గోడ ప్రతి ఊళ్లో ఒక్కటైనా దొరుకుతుంది, లేకపోతే పెద్దవాళ్లు వేలు పెట్టి చూపిస్తారు. ఆ చారను బడికి, ఆరోగ్య కేంద్రానికి, చేతిపంపులకు తీసుకెళ్లడానికి మేస్త్రి లెవెల్ పైపు చాలు. పారదర్శకమైన పైపులో నీళ్లు నింపి, ఒక కొసలోని నీటిమట్టం చారకు సరిగ్గా వచ్చేలా పట్టుకుని, రెండో కొసను అవతలి గోడకు ఆనించి, నీళ్లు నిలకడగా ఆగాక గీత గీయాలి. అక్కడి నుంచి ముందుకు మళ్లీ అలాగే. లోపల ఒక్క గాలిబుడగ మిగిలినా మట్టం తప్పు చూపిస్తుంది. పైపు మెలిక పడ్డా అంతే. దూరం మరీ ఎక్కువైతే సర్వేవాళ్ల ఆటో లెవెల్ తెప్పించడం నయం.

గీత గీశాక నీళ్ల సంగతి తేలిపోతుంది. తాగడానికి, వంటకు, కనీస శుభ్రతకు మనిషికి రోజుకు 7.5 లీటర్లు వేసుకున్నా, 400 మంది ఊరికి 3,000 లీటర్లు. పది రోజులకు 30,000. అంత నిల్వ చేయలేం కాబట్టి ఒక్క చేతిపంపైనా గీతకు పైన ఉండాలి. లేకపోతే ఒక బోరు కేసింగ్ పైకి పొడిగించి, చుట్టూ దిమ్మె కట్టి మెట్లు పెట్టాలి. ఓవర్‌హెడ్ ట్యాంకును నమ్ముకోకూడదు. కరెంటు ఆపేశాక అది ఒక్కసారి నింపిన నీళ్ల డబ్బా, అంతే.

నీట మునిగిన బావుల విషయంలో ఏటా ఒకటే పొరపాటు. బురదనీళ్లలోనే బ్లీచింగ్ చల్లేస్తారు. బురద క్లోరిన్‌ను తినేస్తుంది. ముందు పటికతో తేర్చాలి. తేరిన నీళ్లకు వెయ్యి లీటర్లకు 5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు మొదటి కొలత. దాన్ని బకెట్లో నీళ్లతో కలిపి పది నిమిషాలు వదిలేస్తే సున్నం అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీళ్లే పోయాలి. అరగంట తర్వాత, నీళ్లలో మిగిలిన క్లోరిన్‌ను కొలిచే క్లోరోస్కోపులో లీటరుకు కనీసం 0.5 మిల్లీగ్రాములు చూపించాలి, చూపించకపోతే ఇంకొంచెం కలపాలి. తేమ తగిలి ఘాటు పోయిన బస్తా ఎంత చల్లినా సున్నం చల్లినట్టే.

తిండి లెక్కలో అందరూ మరిచేది వంటచెరకు. గత వరదల్లో ఇంటికి 25 కిలోల బియ్యం, కిలో కందిపప్పు, లీటరు నూనె ఇచ్చారు. మనిషికి రోజుకు 400 గ్రాముల బియ్యం, 50 గ్రాముల పప్పు చొప్పున నలుగురింటికి బియ్యం పదిహేను రోజులు వస్తాయి, పప్పు అయిదు రోజులకు అయిపోతుంది. ఎండు కట్టెలు ఒక్క పూటకూ ఇవ్వలేదు. తడి కట్టెల పొగలో 25 కిలోలూ ఎవరు వండుతారు? మే నెలలోనే మిట్ట మీది షెడ్డులో కట్టెలు పేర్చి పెట్టాలి. గ్యాస్ ఉన్నవాళ్లు సిలిండర్‌ను స్తంభానికి గొలుసుతో కట్టాలి. నిండు సిలిండర్ ఇంచుమించు 30 కిలోలే, దాని లోపల పట్టేదే 33 లీటర్లు, కాబట్టి నిండుదైనా తేలి కొట్టుకుపోతుంది.

ఆరోగ్య కేంద్రంలో పాముకాటు మందు 'ఉంది' అని రాస్తే సరిపోదు. మొదటి మోతాదుకే 8 నుంచి 10 వయల్స్ (చిన్న మందు సీసాలు) పడతాయి. పది ఉన్నాయంటే ఒక్క మనిషికి ఉన్నట్టు. మిట్టల మీద నేలపై పడుకునే రోజుల్లో కట్లపాము భయం ఎక్కువ. ద్రవరూపం మందుకు ఫ్రిజ్ కావాలి, కాబట్టి పొడి రూపంలోదే తెప్పించాలి. కాన్పు తేదీ జులై, ఆగస్టుల్లో ఉన్న గర్భిణుల పట్టిక ఏఎన్ఎం దగ్గర ఉండనే ఉంటుంది. దారి తెగే మట్టం తెలిస్తే వాళ్లను ఎప్పుడు తరలించాలో అదే చెబుతుంది.

సెల్‌ఫోన్ల గురించి ఒక్క మాట: టవర్ పనిచేసినా, 100 వాట్ల సౌర పలక ముసురు రోజున పది, పన్నెండు ఫోన్లకు మించి ఛార్జ్ చేయలేదు. ఎవరి ఫోన్లు ముందో ఊరే తేల్చుకోవాలి.

పశువుల్ని వదిలి జనం కదలరు, ఎంత చెప్పినా కదలరు. మిట్ట మీద తలకు రోజుకు 5, 6 కిలోల ఎండుగడ్డి వామిగా ఉంటేనే పడవ ఎక్కుతారు. గొంతువాపు టీకా వానలకు ముందే పడాలి. పడవ నడిపేవాళ్లకు కరెంటు లైన్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పాలి, నీళ్లు లేస్తే తీగలు తలకు తగిలే ఎత్తులోకి వస్తాయి.

దీనికి కొత్త పథకం అక్కర్లేదు. సచివాలయం ఇంజనీరింగ్ అసిస్టెంట్, ఏఎన్ఎం, పశుసంవర్ధక సహాయకుడు ఊరి పెద్దలతో కలిసి తిరిగితే ఊరికి ఒక రోజు పని. నీళ్లు, తిండి, కట్టెలు, మందులు, గడ్డి, ఒక్కొక్కటీ ఎన్ని రోజులకో రాసి, వాటిలో అతి తక్కువ అంకెను బడి గోడ మీద పెద్దగా, దాని కింద దారి తెగే భద్రాచలం మట్టాన్ని రాయించాలి. రంగు ఆరడానికి ఎండ కావాలి కాబట్టి ఈ పని మే దాటకూడదు.

ఇట్లు
గ్రామీణ నీటి సరఫరా విభాగం విశ్రాంత ఉద్యోగి,
చింతూరు డివిజన్