శీనాకు, ఆ రెండు తలల పురుగుల సంగతి

ఒరేయ్ శీనా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. తిట్టుకో, కానీ ఇది చివరిదాకా చదివాక తిట్టుకో. ఇక్కడ అందరం కులాసా. చెల్లి సీమంతం బాగా జరిగింది, మీ అమ్మ పంపిన చీరే కట్టుకుని కూర్చుంది. ఫెలోషిప్ డబ్బులు ఎప్పటిలాగే ఆలస్యం. సరే, అసలు సంగతికి వస్తా, ఆగలేకపోతున్నా.

రెండు తలల పురుగులు గుర్తున్నాయా?

మనం ఎనిమిదో తరగతి. మీ షెడ్డులో తట్టల నిండా పట్టుపురుగులు, మూడో జ్వరం నుంచి, అదే మేత మానేసి పొర విడిచే దశ నుంచి, లేచి రెండు రోజులే అయింది. చేను గట్టు పక్క మల్బరీ ఆకు కోసుకొచ్చి వేశాం. అవతలి టమాటా తోటలో ముందు రోజే మందు కొట్టారని మనకేం తెలుసు? సాయంత్రానికి మేత ముట్టడం మానేశాయి. అప్పుడే నాలుగో జ్వరానికి పోతున్నాయా, ఇంకా టైం ఉందే అని మీ నాయన చేతులు నలుపుకుంటూ తిరిగాడు. తెల్లారి చూస్తే పాత తల చిప్ప మూతి మీదికి జారి వేలాడుతోంది, దాని వెనక కొత్త తల. 'రెండు తలల పురుగురా' అని నువ్వు అరిచావు. తర్వాత తట్టలన్నీ గుంటలో పోసి మన్ను కప్పారు. మీ నాయన గట్టు మీద కూర్చుని చీకటి పడేదాకా లేవలేదు.

అదంతా నిన్న రాత్రి పదకొండున్నరకు మైక్రోస్కోప్ ముందు కూర్చుంటే గుర్తొచ్చిందిరా.

ఎందుకో చెప్తా. పురుగును జ్వరానికి పంపేది ఎక్‌డైసోన్ అనే హార్మోను. 1954లో జర్మనీలో బూటెనాంట్, కార్ల్‌సన్ అని ఇద్దరు దాన్ని మొదటిసారి శుద్ధంగా బయటికి తీశారు. దేన్లోంచి అనుకున్నావు? పట్టుపురుగు ప్యూపాల్లోంచే, అదే గూటిలో ఉండే పురుగుల్లోంచే! 500 కిలోల ప్యూపాలు పిండితే దక్కింది 25 మిల్లీగ్రాములు. ఈ హార్మోను వెళ్లి కణంలో దాన్ని అందుకునే ప్రోటీన్, అంటే ఒక రిసెప్టార్‌ను పట్టుకుంటుంది. అప్పుడు ఆ రిసెప్టార్ డీఎన్ఏ మీద కూర్చుని, పొర విడవడానికి కావలసిన జన్యువులను లేపుతుంది. తర్వాత కెమిస్టులు ఆ హార్మోనులా నటించే చిన్న మందులు తయారుచేశారు. మెథాక్సీఫెనోజైడ్ అలాంటిదే. గొంగళిపురుగు కడుపులోకి పోతే వేళగాని వేళ జ్వరం మొదలవుతుంది. మేత మానేస్తుంది, పాత పొర పూర్తిగా విడవలేదు, చచ్చిపోతుంది. జారిన తల చిప్పే దాని గుర్తు. ఆ రోజు టమాటాకు కొట్టిన డబ్బా మనం చూడలేదు కాబట్టి అదే మందు అని అనను. కానీ ఈ గుర్తు గురించి చదివినప్పుడు నాకు చెయ్యి ఆడలేదు.

నేను మూడేళ్లుగా కుస్తీ పడుతున్నది ఈ మెథాక్సీఫెనోజైడ్ మందుతోనే. మనిషి కణంలో ఎక్‌డైసోన్ రిసెప్టార్ లేదు. ఆ మందు వేసినా పట్టుకునే చెయ్యి లేదన్నమాట. మరి ఆ చెయ్యి మనమే పెడితే? కెనడా అడవుల్లో స్ప్రూస్ చిగుళ్లు తినే గొంగళిపురుగు రిసెప్టార్‌లో మందు పట్టుకునే ముక్క తీసుకుని, డీఎన్ఏను పట్టుకునే ఈస్ట్ ముక్కకు అతికించాం. దాని జోడీగా ఆర్‌ఎక్స్‌ఆర్ అనే ఇంకో రిసెప్టార్, దాని తోకకు జన్యువును గట్టిగా లేపే హెర్పిస్ వైరస్ ముక్క. మందు పడితే రెండూ జత కట్టి, మనం పెట్టిన జన్యువు మేలుకోవాలి. మేలుకుందని కనబడడానికి జెల్లీఫిష్ నుంచి వచ్చిన, ఆకుపచ్చగా వెలిగే ప్రోటీన్.

మేలుకుంది. కానీ మందు వెయ్యని కణాల గిన్నెలోనూ మేలుకుంది! ఏడాదిన్నర అదే గోల, లీకు. మనిషి ఆర్‌ఎక్స్‌ఆర్ అయితే మందు లేకపోయినా జత కట్టేస్తోంది. చివరికి ఇదివరకే కొందరు చేసి చూపిన దారి పట్టాం. ఆర్‌ఎక్స్‌ఆర్‌లో కొంత భాగం మనిషిది, కొంత మిడతది. అవునురా, మిడతది. మన మిడతంభొట్లు సారుకు ఈ ముక్క నువ్వే చెప్పాలి, నా వల్ల కాదు.

నిన్న రాత్రి మొదటి గిన్నె, మందు లేదు, చీకటి. రెండో గిన్నెలో లీటరుకు మిల్లీగ్రాములో మూడోవంతు కన్నా కాస్త ఎక్కువ లెక్కన మందు వేశాం, అంతే. ఆ గిన్నె నిండా ఆకుపచ్చ దీపాలు. మూడోది నాలుగు రోజుల కింద మందు కడిగేసిన గిన్నె, మళ్లీ చీకటి. మూడుసార్లు మార్చి మార్చి చూశా. లీకు లేదురా! వాచ్‌మన్ వచ్చి ఏమైంది సార్ అన్నాడు, కళ్లు తుడుచుకుంటున్నా.

ఇది ఎందుకు పనికొస్తుందని నువ్వు అడుగుతావు. ఐఎల్-12 అని ఒక ప్రోటీన్ క్యాన్సర్ మీదికి మన ఒంట్లోని సైన్యాన్ని ఉసిగొల్పుతుంది. ఒళ్లంతా పాకితే మాత్రం రోగికే ప్రాణాంతకం కావచ్చు. అమెరికాలో మెదడు కణితి తీసిన చోట ఈ పురుగు స్విచ్‌తోనే ఆ జన్యువును పెట్టి, వెలెడిమెక్స్ అనే మాత్ర ఇచ్చారు. 31 మంది రోగుల మీద చేసిన ఆ ట్రయల్ 2019లో అచ్చయింది. మాత్ర మింగితే ఐఎల్-12 పెరిగింది, ఆపితే దుష్ప్రభావాలు తగ్గాయి. ఇంకా మామూలు వైద్యంలోకి రాలేదు గానీ, జన్యువును మాత్రతో ఆపగలగడం అంటే... నాకు మాటలు రావట్లేదు, నువ్వే ఆలోచించు.

ఇంకోటి. పురుగులన్నీ ఒకేసారి గూడు కట్టడం మొదలెట్టాలని మీ నాయన ఆకు మీద చల్లే 'సంపూర్ణ' ఉంది చూడు, అదీ ఈ హార్మోను జాతిదే, మొక్కల నుంచి తీసింది. అంటే మీ నాయన నాకన్నా ముందు నుంచే... ఆయనతో ఇదంతా ఎలా చెప్పాలో తెలియట్లేదు. ఆ గుంట సంగతి ఎత్తితే బాధపడతాడా? నువ్వే మెల్లగా కదిపి చూడు. సంక్రాంతికి వచ్చినప్పుడు ఫోటోలు తెస్తా, మూడు గిన్నెలవీ. ఆయన చేతికే ముందు ఇస్తా.

నీ భూమి కాగితాల విషయం రాద్దామనుకున్నా, కానీ కణాలకు మీడియా, అదే వాటి మేత, మార్చే వేళైంది, ఇంక్యుబేటర్ దగ్గర పిల్లలు పిలుస్తున్నారు. మిగతాది

నీ
రాఘవ