మన సంఘం వార్షిక నివేదిక 2024-25: గింజ పండింది, కంచంలోకి ఎంత వచ్చింది?

సంఘం సభ్యులకు, సర్వసభ్య సమావేశానికి వచ్చిన అక్కలకు, అన్నలకు నమస్కారం.

పోయినేడు ఇదే వేపచెట్టు కింద కూర్చుని మూడు తీర్మానాలు రాసుకున్నాం: చేనుకు పురుగుమందు తగ్గించాలి, నేలను ఖాళీగా ఉంచకూడదు, ఇంట్లో కొర్రలు తినాలి. మొదటి రెండూ చాలావరకు జరిగాయి. మూడోది జరగలేదు. చప్పట్లు కొట్టించుకునే పనుల కంటే దాని గురించే ఎక్కువ రాశాను, ఏమీ అనుకోవద్దు.

ముందు జూన్ రాత్రుల సంగతి. ఎర్ర గొంగళి పురుగు ఎండాకాలమంతా కోశంలో, నేల లోపల నిద్రపోతుంది. తొలి మంచి వాన పడగానే రెక్కల పురుగై పైకొస్తుంది. ఆ రాత్రుల్లో మంట వేస్తే వచ్చి పడుతుంది. గుడ్లు పెట్టేదాకా వదిలేస్తే చెనక్కాయ చేలో ఈనెలే మిగులుతాయి. ఒక్కరు మంట వేసి లాభం లేదు, పురుగు గట్టు దాటడానికి పాసుపుస్తకం చూపించదు కదా. దండోరా వేయించి, వాన వెలిసిన మూడు రాత్రులూ పొద్దుగూకినప్పటి నుంచి ఊరంతా గట్ల మీదే ఉన్నాం. కందికట్టె, చెత్త చాలని చెప్పినా ఇద్దరు పాత టైర్లు కాల్చారు. మర్నాడు దగ్గుతూ వాళ్లే వచ్చి ఒప్పుకున్నారు. తప్పించుకున్నవి పెట్టిన గుడ్ల నుంచి వచ్చిన గొంగళి పురుగులకు సాళ్లలో జిల్లేడాకు కుప్పలు పెట్టాం. అవి ఆకు కిందికి చేరాక ఏరి పారేశాం. పక్షులు వాలడానికి నాటిన కొమ్మల మీద పసలపోలిగాళ్లు కూర్చుని మిగతా పని చూసుకున్నాయి, కూలి అడగకుండా.

మందు కొట్టిన మర్నాడే కలుపుకు దిగితే ఆ విషం ఎవరి ఒంట్లోకి పోతుందో ఇక్కడున్న ఆడవాళ్లకు చెప్పక్కర్లేదు. తలనొప్పి, కళ్లమంట, చేతుల మీద దద్దుర్లు మన కూలితో పాటు వచ్చే బోనస్ అనుకున్నాం ఇన్నాళ్లు.

నవధాన్యాల సాగు గురించి నాలుగు మాటలు. వానకు ముందే, ఏప్రిల్, మే నెలల్లో, బంకమట్టి, బూడిద, ఘనజీవామృతం (పేడ, గోమూత్రంతో చేసే ఎరువు) పట్టించిన విత్తన గుళికలు పొడి దుక్కిలో చల్లాం. జొన్న, సజ్జ, అలసంద, ఉలవ, ఆముదం, గోగు అన్నీ కలిపే. ఎండకు మాడిపోతాయని నవ్వినవాళ్లలో నేనూ ఒకదాన్ని. చినుకు పడేసరికి నేల పచ్చగా కప్పుకుంది. కింద మట్టి తీసి చూస్తే వానపాములు కనబడ్డాయి. మన అనంతపురం లాంటి వాన తక్కువ జిల్లాలో తడి నాలుగు రోజులు ఎక్కువ నిలవడమే పెద్ద పంట. రాష్ట్ర ప్రభుత్వ రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడుపుతున్న ఈ ప్రకృతి వ్యవసాయానికి 2024లో పోర్చుగల్ సంస్థ ఇచ్చే గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. 10 లక్షల యూరోలను మరో ఇద్దరితో పంచుకున్నారు. మన ఊరి పేరు అందులో లేదు. పేడ కలిపిన చేతులు మాత్రం మనవే.

ఇక కొర్రలు. పండాయి. బాగానే పండాయి. కళ్లం చేసే తీరిక లేక తారు రోడ్డు మీద పరిచాం, ట్రాక్టర్లు తొక్కాయి. గింజతో పాటు ఇసుక కూడా ఇంటికొచ్చింది. చేటలో ఎంత చెరిగినా పోలేదు. పిల్లలు మొదటి ముద్దకే తుప్పున ఉమ్మేశారు. పట్నంలో మర పట్టిస్తే, చూపుకు తెల్లగా ఉండాలని తవుడంతా తీసేసి ఇచ్చారు. ఇంట్లో దంచుదామంటే పొద్దున్నే చేనుకు పోవాల్సిన మనిషికి రోకలి పట్టే ఓపిక ఎక్కడిది? చివరికి మూటలు కట్టి వ్యాపారికి తూచేశాం. కంచంలో మళ్లీ రేషన్ బియ్యమే.

దీనికి ఆడవాళ్ల సోమరితనం కారణమని మార్చి సమావేశంలో ఒక పెద్దాయన అన్నారు. అది రాయొద్దన్నారు కూడా. రాస్తున్నాను, ఎందుకంటే అది తప్పు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత. ఆ రక్తంతోనే చేనూ, పొయ్యీ, మళ్లీ రోకలీ అంటే ఎలా?

ఏఎన్ఎం అక్క సాయంతో రెండుసార్లు రక్తపరీక్షలు చేయించాం. ఫలితాలు ఎవరివి వాళ్లకే ఇచ్చాం, చీటీలు గోడకు అంటించలేదు. కొందరికి రక్తం పెరిగింది. పెరటి ఆకుకూరల వల్లా, మందుబిళ్లల వల్లా అంటే తేల్చలేం. గొప్పలకు పోవద్దు.

మన దగ్గర విత్తనాలు దాచే కుండలు ఎలుకలపాలయ్యాయి. ఇది కార్యవర్గం నిర్లక్ష్యమే. మూతలున్న డబ్బాలు కొన్నాం. జమాఖర్చుల పట్టిక పంచాయతీ గోడ మీద ఉంది, అనుమానం ఉన్నవాళ్లు కోశాధికారిని ఇప్పుడే అడగండి.

ఈ రోజు ఓటుకు పెడుతున్నవి రెండు. ఒకటి, వచ్చే కోతలకల్లా అందరం కలిసి టార్పాలిన్ పట్టలు కొనడం. గింజ రోడ్డు ఎక్కకూడదు. రెండోది, ఊళ్లోనే చిన్న కొర్ర మర. పొదుపు డబ్బు సగం దానికి పెడితే మిగతాది బ్యాంకు అప్పు. తవుడు ఎంత ఉంచాలో మనమే చెప్పుకోవచ్చు. మర చూసుకునే కమిటీకి నలుగురు కావాలి, అందులో ఇద్దరు మగవాళ్లు ఉండాలని నా అభిప్రాయం. పేర్లు ఇవ్వదలచినవాళ్లు టీ తాగేలోపు నాకు చెప్పండి.

ఇట్లు,
కార్యదర్శి