విజయనగరంలో సాయంత్రాలు: అమ్ములుకి ఉత్తరం

చి. అమ్ములుకి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేనూ నాన్నగారూ కులాసా.

విజయనగరంలో బ్యాంకు ఉద్యోగంలో చేరాక, మొన్న ఫోనులో "ఈ ఊళ్ళో ఏమీ లేదమ్మా, బ్యాంకు అయ్యాక గదికెళ్ళి కూర్చోవడమే" అన్నావు. నేను పుట్టి పెరిగిన ఊరు గురించి ఆ మాట వింటే మనసు చివుక్కుమంది. అయినా ఇది ఫోనులో రెండు ముక్కల్లో తేలేది కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

నువ్వు చదువుకున్న హైదరాబాదులో ఏ కచేరీ ఉన్నా, ఏ నాటకం ఉన్నా కబురు నీ ఫోనుకే వచ్చేది. టికెట్టు కొనుక్కుని వెళ్ళిపోయేదానివి. విజయనగరం రెండు లక్షల పైచిలుకు జనం ఉన్న ఊరు. అక్కడ ఫలానా రోజు ఫలానా చోట పాట ఉందని ముందుగా తెలిసేది ఎప్పుడూ వెళ్ళేవాళ్ళకే. ఒకసారి వెళ్ళి కూర్చుంటే పక్క కుర్చీలో ఆవిడ "వచ్చే ఆదివారం హరికథ ఉందమ్మా, వస్తావా" అంటుంది. అక్కణ్ణించి ఇంకోటి తెలుస్తుంది. కాబట్టి ముందు ఆ మొదటిసారి వెళ్ళాలి. పేపరు జిల్లా పేజీల్లో ఒక మూల 'ఈరోజు కార్యక్రమాలు' అని చిన్న అక్షరాల్లో వేస్తారు, అది చూస్తూ ఉండు. గుళ్ళ దగ్గర కట్టే ఫ్లెక్సీలు చదువు. సంగీత కళాశాల నోటీసు బోర్డు వారానికోసారి చూసి రా.

ఆ కళాశాలకి మాత్రం ఈ వారమే వెళ్ళు. దారి ఎవరినడిగినా చెబుతారు. 1919లో పూసపాటి విజయరామ గజపతిరాజు గారు పెట్టించారు. మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఇరవయ్యారేళ్ళ వయసులో అక్కడ వయొలిన్ ఆచార్యులుగా చేరి, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. గాయని సుశీల గారు ఆ ఊళ్ళోనే పుట్టి అక్కడే సంగీతం నేర్చుకున్నారు. ఇవన్నీ నీకు చిన్నప్పుడు చెప్పినవే. నేనిప్పుడు చెప్పదలచుకున్నది ఘంటసాల గారి సంగతి. సంగీతం నేర్చుకుందామని చేతిలో డబ్బు లేకుండా ఆ ఊరొచ్చిన కుర్రాడు. పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీసి పాఠం చెప్పారు. మరి అన్నం? భుజాన జోలె తగిలించుకుని ఇల్లిల్లూ తిరిగి మధుకరం ఎత్తుకున్నాడు. కళాశాల రాజుగారు పెట్టారు నిజమే, ఆ పిల్లాడి కడుపు నింపినవాళ్ళు మాత్రం ఆ వీధుల్లో ఆడవాళ్ళు. పాట నేర్చుకుంటున్న కుర్రాడు, ఇంత పెట్టాలి అనుకున్నారు, అంతే. మా అమ్మమ్మ ఈ సంగతి ఎప్పుడు చెప్పినా గొంతు పట్టేసేది.

ఆ ఊరికి ఆ అలవాటు ఉందమ్మా. కళాకారుడు గొప్పవాడయ్యాక దండ వెయ్యడం ఎవరైనా చేస్తారు. నేర్చుకుంటున్నప్పుడు, ఇంకా తప్పులు పోతున్నప్పుడు కూర్చుని వినేవాళ్ళు ఉండాలి. నువ్వు వెళ్ళాల్సింది అందుకే. కళాశాల గోడ పక్కన కాసేపు నిలబడితే చాలు, ఒక గదిలోంచి సరళీ స్వరాలు, ఇంకో గదిలోంచి వర్ణం, పై నుంచి మృదంగం జతులు, అన్నీ కలిసి వినిపిస్తాయి. నేర్చుకునే పిల్లల కచేరీ పెట్టినప్పుడు తప్పకుండా వెళ్ళి ముందు వరసలో కూర్చో. వాళ్ళు తలెత్తినప్పుడు ఒక మనిషి తాళం వేస్తూ కనిపించాలి.

ఆరు గంటలకి కచేరీ అంటే ఆరున్నరకి మొదలవుతుంది. నువ్వు మాత్రం ఆరింటికే వెళ్ళు. ఆ అరగంటలో చూడాల్సింది చాలా ఉంటుంది. మృదంగం వాయించే ఆయన సంచీలోంచి తడిపిన బొంబాయి రవ్వ ముద్ద తీసి ఎడమవైపు మూత మధ్యలో బిళ్ళలాగా అద్దుతాడు. వేలితో తట్టి చూస్తాడు. చాలదనిపిస్తే ఇంకొంచెం పెడతాడు, ఎక్కువైతే గిల్లి తీసేస్తాడు. తరవాత కుడివైపు చిన్న రాయితో అంచు చుట్టూ తడుతూ శ్రుతి పెట్టుకుంటాడు. ఒకచోట తట్టి, తంబురా వైపు చెవి పెట్టి, మళ్ళీ ఇంకోచోట. ఆ గుమ్మనే నాదం ఎక్కణ్ణించి వస్తోందో కళ్ళారా చూసినదానివి కనుక కచేరీలో అది నీకు వేరేగా వినిపిస్తుంది. ఇంకొక్క మాట. తని ఆవర్తనం, అంటే పాట ఆపి మృదంగం ఒక్కటే వాయించే ఘట్టం, మొదలవగానే సగం మంది కాఫీకి లేస్తారు. నువ్వు లేవకు. సాయంత్రమంతా ఇంకొకరి పాటకి ఒదిగి వాయించిన మనిషికి అదొక్కటే తన సమయం.

హరికథ ఎక్కడ పెట్టినా వెళ్ళు, శ్రీరామనవమి పందిళ్ళలో అయినా సరే. ఆ ఊళ్ళో హరికథ వినడం వేరు. ఒక్క మనిషి, కాళ్ళకి గజ్జెలు, చేతిలో చిడతలు. ఆ మనిషే పాడాలి, ఆడాలి, రాముడవ్వాలి, కైకేయవ్వాలి, మధ్యలో పిట్టకథ చెప్పి పిల్లల్ని నవ్వించి మళ్ళీ అయోధ్యకి తీసుకుపోవాలి. నారాయణదాసు గారు రెండు చేతులతో, రెండు కాళ్ళతో, తలతో వేరువేరు తాళాలు ఒకేసారి వేసేవారని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. ఇప్పుడు హరికథ చెప్పేవాళ్ళలో ఆడపిల్లలు బాగా ఉన్నారు. నాకది ఎంత సంతోషమో చెప్పలేను.

నాటకం సంగతి. కోట దగ్గర బొంకుల దిబ్బ అని ఒక చోటుంది. అక్కడ ఒక సాయంత్రం నిలబడు. 'కన్యాశుల్కం' మొదటి రంగం జరిగేది అక్కడే. గిరీశం మనకి మొదట కనిపించేది ఆ దిబ్బ మీదే. 1892లో ఆ నాటకం మొదట ఆడింది కూడా విజయనగరంలోనే. తమ ఊరి మనుషుల్ని, తమ ఊరి మాటని, తమ ఊరి ఆడపిల్లల్ని అమ్ముకునే దురాచారాన్ని తమ కళ్ళ ముందే రంగం మీద పెడితే ఆ ఊరు కూర్చుని చూసింది. దానికి గుండె కావాలి. ఆ నాటకం రాసిన గురజాడ అప్పారావు గారి ఇల్లు ఇప్పుడు స్మారక భవనం, అదీ చూడు. ఆనందగజపతి ఆడిటోరియంలో నాటక పోటీలు పెడుతుంటారు. పగలంతా ఆఫీసుల్లో, బడుల్లో, షాపుల్లో పనిచేసి రాత్రిళ్ళు రిహార్సలు చేసుకునేవాళ్ళు అందులో ఎంతమందో. పౌరాణికం పడితే ఇంకా మంచిది. పద్యం చివర రాగం తీసేటప్పుడు హాలులోంచి "వన్స్ మోర్" అని కేక వస్తుంది, ఆయన మళ్ళీ అందుకుంటాడు. నీకు మొదట్లో కొంచెం సాగదీతగా అనిపించవచ్చు. రెండోసారికి అలవాటవుతుంది.

నాకొక్కటే నచ్చదు, అది దాచను. ఏ కార్యక్రమమైనా ముందు వేదిక నిండా పెద్దమనుషులు కూర్చుని ఒకరి తరవాత ఒకరు మాట్లాడతారు, శాలువాలు కప్పుకుంటారు. అప్పటికే గజ్జెలు కట్టుకుని తయారైన పిల్లలు తెర వెనక నిద్రకి జోగుతూ ఉంటారు. చివరికి వాళ్ళకి మిగిలేది పదిహేను నిమిషాలు. ముందు ఆట, ఆ తరవాతే మాట అని ఊరి పెద్దలు ఒక నియమం పెట్టుకుంటే ఎంత బాగుండును. నీకు ఏ నిర్వాహకులతోనైనా పరిచయం కలిస్తే ఈ మాట మర్యాదగా చెప్పు. కొత్తగా వచ్చిన బ్యాంకు అమ్మాయి చెబితే వింటారేమో.

ఇక సిరిమాను. విజయదశమి తరవాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఆ రోజుకి సెలవు ఇప్పుడే చెప్పి పెట్టుకో. ముందురోజు సోమవారం తొలేళ్ళు. ఆ రాత్రి రైతులు బారులు తీరి అమ్మవారి దగ్గర విత్తనాలు తీసుకుంటారు. అవి తమ విత్తనాల్లో కలిపి జల్లుకుంటే పంట పండుతుందని నమ్మకం. రాత్రంతా ఊరు నిద్రపోదు. మంగళవారం మధ్యాహ్నానికి మూడు లాంతర్ల కూడలి దగ్గర ఇసక వేస్తే రాలనంత జనం. శ్రీకాకుళం వైపు నుంచి, ఒడిశా నుంచి కూడా వస్తారు. ఆ ఊళ్ళో చుట్టాలు లేని ఇల్లు ఆ రోజు ఉండదు.

సిరిమాను అంటే యాభై అరవై అడుగుల చింతమాను. ఆ చెట్టు ఎక్కడుందో అమ్మవారు పూజారి కలలో కనిపించి చెబుతుందని నమ్మకం. దాన్ని తెచ్చి హుకుంపేటలో చెక్కి సిద్ధం చేస్తారు. మాను మొదలు బండి మీద ఉంటుంది, కొస ఆకాశంలో ఉంటుంది. ఆ కొసన కట్టిన ఆసనంలో పూజారి కూర్చుంటాడు, అమ్మవారే ఆయన రూపంలో వస్తున్నట్టు. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల. గుడి నుంచి కోట దాకా మూడుసార్లు వెళ్ళి వస్తుంది. మేడల మీద నుంచి, గోడల మీద నుంచి జనం అరటిపళ్ళు విసురుతూ దణ్ణాలు పెడతారు. చిన్నప్పుడు మా నాన్నగారి భుజాల మీద కూర్చుని చూశాను. మాను కదిలినప్పుడల్లా కొస ఊగుతుంది. అంత ఎత్తున ఊగుతున్న మనిషిని చూసి మొత్తం జనం ఒక్కసారి "హో" అంటారు. ఒళ్ళు జలదరిస్తుంది. నేను భక్తితో చెబుతున్నాను, నువ్వు ఎలా చూసినా సరే, ఆ బెస్తవారి వల ఎందుకు ముందు నడుస్తుందో, ఎవరెవరి చేతికి ఏ పని అప్పగించారో గమనించు. ఊళ్ళో ఏ కులానికి ఆ కులం "ఇది మా పని" అని చెప్పుకునే భాగం అందులో ఉంది. తరాలుగా ఆ ఉత్సవం ఆగకుండా జరుగుతున్నది అందువల్లేనని నా నమ్మకం.

ఆ రోజుల్లోనే తప్పెటగుళ్ళ వాళ్ళు దిగుతారు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే, మా ఉత్తరాంధ్రది, ఇంకెక్కడా దొరకదు. గొర్రెలు కాసుకునే యాదవులు గంగమ్మ కోసం ఆడే ఆట. గుండె మీద రేకు తప్పెట కట్టుకుంటారు. కాళ్ళకి బరువైన గజ్జెలు. నాయకుడు ఒక పాదం అందిస్తాడు, మిగతావాళ్ళు అందుకుని గుండ్రంగా తిరుగుతూ రెండు చేతులతో ఆ రేకు మీద వాయిస్తూ గెంతుతారు. తప్పెట దెబ్బ, గజ్జె దెబ్బ ఒక్కటిగా పడాలి. మొదట నిదానంగా ఉంటుంది, పాట మాటలు తెలుస్తాయి. పోనుపోను జోరందుకుంటే మాట పోయి మోత ఒక్కటే మిగులుతుంది. అప్పుడు ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి నిలబడతారు, పైవాడి చేతుల్లో కూడా తప్పెట ఆగదు. ఒకసారి మా వీధిలో ఆట అయ్యాక నేను మంచినీళ్ళ చెంబు పట్టుకెళ్ళి ఇచ్చాను. ఆ పెద్దాయన అరచేతులు చూశాను. బొబ్బలు కట్టి, గట్టిపడి, మళ్ళీ పగిలి ఉన్నాయి. చెంబు అందుకుంటూ "పాట అర్థమయ్యిందా గుంటా" అని అడిగాడు. చేతుల నొప్పి గురించి కాదు, పాట గురించి అడిగాడు.

ఇలాంటి బృందాల్లో పిల్లలు ఇప్పుడు తక్కువైపోతున్నారు. కూలికి పోతే ఆ పూటకి డబ్బొస్తుంది, దీనికి ఎవరు పిలుస్తారో ఎప్పుడు పిలుస్తారో తెలీదు. జముకు అనే వాద్యం వాయిస్తూ చెప్పే జముకుల కథ పరిస్థితీ అంతే. మగవాళ్ళు సత్యభామ వేషం కట్టి ఆడే తూర్పు భాగవతమూ అంతే. వాళ్ళు ఎక్కడ ఆడుతున్నా వెళ్ళి చూడు, పళ్ళెం తిరిగితే మంచి నోటే వెయ్యి. మీ బ్యాంకు వాళ్ళు ఏడాదికోసారి ఏదో సభ చేస్తారు కదా, ఆ రోజు డీజే బదులు వీళ్ళని పిలిపించు. రానుపోను ఖర్చులు, భోజనం, ఇవ్వాల్సింది ముందే మాట్లాడి, ఆట అయిన వెంటనే చేతిలో పెట్టాలి. "రేపు రండి" అనకూడదు.

నీ వీణ ఇక్కడ అటక మీదే ఉంది. మెట్ల మైనం పాడైంది. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణలు చేస్తారు, ఒక్క పనస దుంగని తొలిచి కుండకీ దండికీ మధ్య అతుకు లేకుండా. విజయనగరం నుంచి బస్సులో వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చు. వాళ్ళు ఉలితో దుంగ లోపల తొలిచేది చూడు. మన వీణకి మెట్లు మళ్ళీ కట్టి ఇస్తారేమో, ఎంత అడుగుతారో కనుక్కుని ఫోను చెయ్యి. బేరం ఆడకు.

తొలేళ్ళ సోమవారానికి నేను వీణ పట్టుకుని రైల్లో దిగుతాను. నాన్నగారికి మోకాళ్ళ వల్ల జనంలో నిలబడడం కుదరదు, బాబాయి ఇంట్లో ఉంటానన్నారు. మనిద్దరం మంగళవారం మూడు లాంతర్ల వైపు పొద్దున్నే వెళ్ళాలి, ఆలస్యమైతే దారి దొరకదు. మీ ఇంటి ఓనరుగారిని మేడ మీదికి ఎవరినైనా రానిస్తారేమో ఇప్పుడే అడిగి ఉంచు. సంగీత కళాశాలకి వెళ్ళినప్పుడు ఏం విన్నావో, ఎవరు పాడారో రాయి. ఏ రాగమో తెలియకపోతే పల్లవి రాసి పంపు, నేను చెబుతాను.

ఇట్లు,
మీ అమ్మ