ఫాలోఅప్ ఓపీ పక్కన మాకొక గది కావాలి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

సర్కారు ఖర్చుతో ఆపరేషన్, కీమో, రేడియేషన్ చేయించుకుని క్యాన్సర్ నుంచి బతికి బయటపడ్డవాళ్లు ఇవాళ ఈ రాష్ట్రంలో ఊరూరా ఉన్నారు. 2007లో ఆరోగ్యశ్రీ రాకముందు పొలం అమ్మితే తప్ప కీమో ఎక్కించుకోలేని ఇళ్లు ఎన్నో. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న ఆ పథకం చేసిన మేలు మరిచిపోయి ఈ ఉత్తరం రాయడం లేదు. అది ఎక్కడ ఆగిపోతోందో మీ దృష్టికి తేవాలని రాస్తున్నాను.

రేడియేషన్ అయిపోయిన రోజు చేతిలో ఒక ఫైలు పెట్టి, మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పి పంపిస్తారు. ఇంటికొచ్చాక చూడవచ్చిన వాళ్లంతా "తగ్గిపోయింది కదమ్మా, ఇంకా దిగులెందుకు?" అంటారు. దిగులు మొదలయ్యేదే అప్పుడు. చికిత్స నడిచినన్నాళ్లూ ఏ వారం ఏ ఇంజెక్షను, తెల్లకణాలు ఎన్ని ఉన్నాయి అన్న ధ్యాసే తప్ప మనసుకు ఊపిరాడదు. అదంతా ముగిశాక, కాస్త నడుం పట్టేసినా ఎముకలకు పాకిందేమో అనిపిస్తుంది. చెకప్ తేదీ దగ్గరపడే కొద్దీ నిద్ర పట్టదు. స్నానానికి వెళ్తే అద్దం వైపు చూడబుద్ధి కాదు. నాది రొమ్ము క్యాన్సర్. చికిత్స సాగినంత కాలం నా రక్తాన్ని ఎన్నోసార్లు పరీక్షించారు గానీ "రాత్రిళ్లు నిద్ర పడుతోందా?" అని ఎవరూ అడగలేదు. అక్కడి డాక్టర్లను తప్పుపట్టలేను. ఓపీ బయట బారులు తీరిన జనాన్ని చూస్తే ఎవరికైనా సంగతి తెలుస్తుంది. అలా అడగడం ఎవరి డ్యూటీ అని ఏ కాగితంలోనూ లేదు, అదీ అసలు లోటు.

అందుకే అడుగుతున్నాను. క్యాన్సర్ వైద్యం చేసే ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలో ఫాలోఅప్ ఓపీ పక్కనే ఒక గది ఇవ్వండి. అందులో శిక్షణ పొందిన ఒక కౌన్సెలర్ ఉండాలి. ఫాలోఅప్ ఉన్న రోజునే బొమ్మలు గీయడం, పాడుకోవడం, ధ్యానం అక్కడ జరగాలి. ఆ రోజునే అని ఎందుకు పట్టుబడుతున్నానంటే, కూలి పోగొట్టుకుని తెల్లారుజాము బస్సెక్కి వచ్చే మనిషి ధ్యానం కోసమని ఇంకో రోజు రాలేదు. ఎటూ పిలుపు వచ్చేదాకా గంటలకొద్దీ వరండాలోనే కూర్చుంటాం. ఆ గంటల్నే వాడుకోండి.

ఇది ఉబుసుపోని కోరిక అనుకోకండి. అమెరికాలో డాక్టర్ జాన్ కబాట్-జిన్ 1979లో ఆసుపత్రి రోగుల కోసం ఎనిమిది వారాల ధ్యాన శిక్షణ మొదలుపెట్టారు. ఆ పద్ధతి ఆధారంగా వచ్చిన కార్యక్రమాలను క్యాన్సర్ రోగుల ఆందోళన, కుంగుబాటు తగ్గించడానికి చికిత్స సమయంలోనూ ఆ తర్వాతా అందించాలని 2023లో అమెరికన్ సొసైటీ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీ సిఫారసు చేసింది. కళలకూ ఆరోగ్యానికీ ఉన్న సంబంధంపై ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ కార్యాలయం 3,000కు పైగా అధ్యయనాలను పరిశీలించి 2019లో నివేదిక ఇచ్చింది. బొమ్మలు గీస్తే క్యాన్సర్ పోతుందని ఎవరూ అనలేదు, నేనూ అనను. మందు మందే. మందు చేరని చోట మనిషికి ఇంకేదో ఆసరా కావాలి.

ఆ ఆసరా నాకు శ్రీకాళహస్తిలో కలంకారీ పనిచేసే ఒక అక్క దగ్గర దొరికింది. కీమో వల్ల నా వేళ్ల కొసలు తిమ్మిరెక్కి, జాకెట్టు హుక్కులు కూడా పెట్టుకోలేని రోజులవి. కరక్కాయ, పాలలో తడిపి ఆరబెట్టిన గుడ్డ నా ముందు పరిచి, వెదురు కలం చేతికిచ్చింది. కలానికి చుట్టిన దూదిని వేలితో మెల్లగా నొక్కితేనే కసిం దిగుతుంది. తుప్పు ఇనుము, బెల్లం నానబెట్టి చేసే ఆ కసిం కరక్కాయ పట్టిన గుడ్డ మీద పడితే నల్లగా తేలుతుంది. గట్టిగా నొక్కితే మరక, తేలిగ్గా నొక్కితే గీత తెగిపోతుంది. చెరిపే వీలు లేదు. ఊపిరి నిదానిస్తే తప్ప చెయ్యి కుదురుగా ఉండదు. దాంతో తిమ్మిరి పోలేదు. కానీ ఆ ఆకుల తీగ గీస్తున్నంతసేపు రిపోర్టు సంగతి తలపుకు రాలేదు. అన్ని నెలల తర్వాత అది నాకు ఎంత విశ్రాంతో మాటల్లో చెప్పలేను.

ఈ గదులు పెడితే కొన్ని జాగ్రత్తలు కూడా కావాలి. ధ్యానాన్ని ఏ మతానికీ, ఏ గురువుకూ ముడిపెట్టవద్దు. బురఖా వేసుకున్న చెల్లెలు, ప్రార్థనకు వెళ్లే అక్క, ఏ దేవుడినీ మొక్కని అన్న ఒకే చాప మీద కూర్చోగలగాలి. కళ్లు మూసుకుంటే భయం ఎక్కువయ్యే వాళ్లూ ఉంటారు, వాళ్లను బలవంతపెట్టకూడదు. చంకలో లింఫు గ్రంథులు తీసేసిన వాళ్లకు చెయ్యి వాచే ప్రమాదం ఉంది కాబట్టి కోలాటమైనా ముగ్గయినా ఫిజియోథెరపిస్టు చూశాకే చేయించాలి. బతుకు మీద విరక్తితో మాట్లాడే వాళ్లను పాటలతో సరిపెట్టకుండా అదే రోజు సైకియాట్రిస్టు దగ్గరికి పంపాలి. మగవాళ్లను మరవద్దు. నోటి క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత మాట సరిగా రాక ఇంట్లోంచి కదలని వాళ్లకు రంగులు ఎంత అవసరమో ఆలోచించండి.

దీనికి కొత్త భవనాలు అక్కర్లేదు. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి (జీజీహెచ్)లోని క్యాన్సర్ విభాగంలో ముందు మొదలుపెట్టి చూడండి. కలంకారీ, ఏటికొప్పాక, కొండపల్లి కళాకారులకు గౌరవ వేతనమిచ్చి పిలిస్తే వాళ్లకూ నాలుగు రూపాయలు వస్తాయి. గది ఏర్పాటయ్యేలోపు కొత్త ఖర్చు లేకుండా రెండు పనులు చేయవచ్చు. ప్రతి ఫాలోఅప్‌లో బీపీ చూసినట్టే, మనసు బరువు సున్నా నుంచి పది దాకా ఎంతుందో నర్సు అడిగి ఫైల్లో రాయాలి. ప్రతి డిశ్చార్జి కాగితం మీద, మనసు బాగోలేనప్పుడు ఫోన్లో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలి మానస్ నంబరు 14416 తెలుగులో, పెద్ద అక్షరాల్లో అచ్చువేయాలి. ఈ రెండింటికీ మీ శాఖ నుంచి ఒక్క సర్క్యులర్ చాలు. దయచేసి అది ముందు పంపించండి.

ఇట్లు,
తిరుపతి జిల్లా నుంచి,
క్యాన్సర్ చికిత్స పూర్తి చేసుకున్న ఒక ఉపాధ్యాయురాలు