రాత్రిబడి సంగతి ఎలా మరిచారు?

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం ప్రపంచాన్ని మార్చే శక్తులంటూ మీరు వేసిన వ్యాసం చదివి నాలుగు రోజులు ఊరుకున్నాను, ఇక ఉండబట్టలేక రాస్తున్నాను. కృత్రిమ మేధ, డబ్బు, యుద్ధాలు, పెద్ద పెద్ద నాయకులు, అన్నీ ఉన్నాయి. చదువు గురించి ఒక్క ముక్క లేదు. అదీ తెలుగు పత్రికలో!

సారా మీద ఆడవాళ్లు తిరగబడ్డ మా దూబగుంటను అప్పుడే మరిచిపోయామా? నెల్లూరు జిల్లాలో పెద్దలకు చదువు చెప్పే అక్షరదీపం రాత్రిబడులు నడిచిన రోజుల్లో మా ఊళ్లో నేనూ వాలంటీరుగా చదువు చెప్పాను. పొద్దంతా నాట్లేసి వచ్చిన ఆడవాళ్లు లాంతరు చుట్టూ కూర్చునేవాళ్లు. గట్టిగా నొక్కి రాస్తే బలపం పుటుక్కున విరిగేది. ఒకావిడ తన పేరు తప్పు లేకుండా రాసిన రోజు పలక తుడవనివ్వలేదు, కొంగు తగలకుండా రెండు చేతులతో ఇంటిదాకా పట్టుకెళ్లింది. తాగుడుతో సంసారం గుల్లయ్యే పాఠం వచ్చిన రాత్రయితే ఎవరూ లేవలేదు. "ఇది మా ఇంటి కథే గదా అబ్బాయా" అంటూ ఒకరి తర్వాత ఒకరు చెప్పుకుంటూనే ఉన్నారు.

ఇలాంటి రాత్రిబడి పాఠాలతో కదిలే దూబగుంటలో రోశమ్మా, ఆమెతో నడిచిన ఆడవాళ్లూ సారా దుకాణం మూయించారు. 1992లో అది జిల్లా అంతా పాకింది, సారా వేలంపాటలు సాగనివ్వలేదు. ఆ ఆదాయం వదులుకోలేమన్న ప్రభుత్వమే దిగొచ్చి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించింది. 1994 ఎన్నికల్లో ఎన్టీ రామారావు గారు మద్యనిషేధం హామీ ఇచ్చి గెలిచారు, 1995 జనవరిలో అమలు చేశారు. కూలికి పోతే తప్ప పొయ్యి వెలగని ఆడవాళ్లు మొదలుపెట్టిన పని ఇది.

1997లో నిషేధం సడలించేశారు. ఇప్పుడు మా బడికి కూతవేటు దూరంలోనే బెల్టుషాపు. మూడుసార్లు అర్జీ పెట్టాం. మొదటిసారి తీసుకున్నారు, రెండోసారి పెద్దసారు సెలవులో ఉన్నారన్నారు, మూడోసారి ఆ కాగితమే కనపడలేదన్నారు. రాత్రిబడి నడిచిన గదిలో ఎరువుల బస్తాలు వేసుకున్నారు. 2011 లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రం అక్షరాస్యత 67 శాతం, దేశ సగటు 73. ఇంత చేసిన నేల మీద ఈ అంకె చూస్తే కడుపు మండిపోతుంది. వేలిముద్రలు తీసుకోవడానికి మాత్రం ఊరూరికీ మెషిన్లొచ్చాయి, ఆ వేళ్లకు బలపం పట్టించేవాళ్లు లేరు.

ఆనాటి ఆడవాళ్లలో కొందరు మా ఊళ్లో ఇంకా ఉన్నారు. మీ విలేకరిని ఒక్కరోజు పంపండి, ఇల్లిల్లూ నేనే దగ్గరుండి తిప్పుతాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, నెల్లూరు జిల్లా