గుట్టు దాచే గది కోసం మీ సాయం కోరుతున్నాం

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులకు, బతుకుతెరువు కోసం హైదరాబాదు, బెంగళూరు, గల్ఫ్ దేశాల్లో ఉంటున్న మన సంఘ బిడ్డలకు ఒంగోలు నుంచి సంఘ కమిటీ వందనాలు.

మందిరం వెనకున్న పాత సండే స్కూలు గదిని కౌన్సెలింగ్ గదిగా మార్చాలని కమిటీ తీర్మానించింది. దానికోసం విరాళాలు అడుగుతున్నాం. ప్రహరీ గోడకో, మైకు సెట్టుకో అయితే ఎందుకని ఎవరూ అడగరు. ఈ గది ఎందుకో మాత్రం కాస్త వివరంగా చెప్పాలి.

ఆదివారం ఆరాధన అయ్యాక చూడండి. మనసులో బరువున్న మనిషి పాస్టరుగారితో మాట్లాడాలంటే ఉన్న చోటు మెట్ల పక్కనే. చుట్టూ చెప్పులు వెతుక్కునేవాళ్లు, పిల్లల్ని కేకేసేవాళ్లు. ఆ చెల్లెలు చెప్పాలనుకున్నది మింగేసి, "ప్రార్థన చేయండి అయ్యగారూ" అని మాత్రం అని వెళ్లిపోతుంది. ఒకవేళ చెప్పినా, ఉపవాస కూడికలో అది ప్రార్థన మనవిగా మైకులోకి వచ్చేస్తుంది. పేరు చెప్పకపోయినా ఏ ఇంటి సంగతో పేటంతా తెలిసిపోతుంది. చెడు ఉద్దేశంతో ఎవరూ చేయరు. కానీ ఒకసారి గుట్టు బయటపడ్డ మనిషి మళ్లీ నోరు విప్పడు.

పొగాకు ఆరబెట్టే కొట్టం (బ్యారన్) కోసం చేసిన అప్పు తీరక నిద్రపట్టని కౌలు రైతు, మొగుడి దెబ్బలు కొంగు చాటున దాచుకుని గుడికొచ్చే ఇల్లాలు, ఇంటర్ పరీక్షల టెన్షన్‌తో అన్నం మానేసిన పిల్లాడు. వీళ్లకి ముందుగా కావాల్సింది సలహా కాదు, తీర్పు తీర్చకుండా వినే మనిషి. బైబిల్లో యోబు అన్నీ పోగొట్టుకున్నప్పుడు అతని స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని పక్కన నేలమీద మౌనంగా కూర్చున్నారు. అంతవరకు వాళ్లు మంచి స్నేహితులే. నీ తప్పు వల్లే ఇదంతా అని మొదలుపెట్టాకే అతని బాధ రెట్టింపైంది.

సాయం చేసే చేతిలో అధికారం కూడా ఉంటుంది. ఆ సంగతి మన గడ్డమీద పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారికి బాగా తెలుసు. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత మేర కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలీ చూపించారు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇవ్వమని ఎంతమంది అడిగినా ఆపేశారు. కూటికోసం ఎవరూ రాకూడదన్నది ఆయన పట్టుదల. కరువు సాయం ముగిశాకే, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా గదికి పెట్టుకున్న మొదటి నియమం అక్కడిదే: వచ్చినవాళ్ల దగ్గర ఏదీ ఆశించం. కానుక తీసుకోం, సాక్ష్యం చెప్పమనం, సంఘంలో చేరమనం. ప్రార్థన కూడా వాళ్లు కోరితేనే. బేతెస్ద కోనేటి దగ్గర పడున్న రోగిని ప్రభువే ముందు "స్వస్థపడాలని ఉందా?" అని అడిగాడు కదా.

శిక్షణ పొందిన కౌన్సెలర్లు, ఒక ఆడమనిషి, ఒక మగమనిషి, వారానికి రెండు రోజులు వస్తారు. పాస్టరుగారే ఎందుకు చేయకూడదని కొందరు అడిగారు. ఆయన ఆ ఇంట్లో పెళ్లి చేసినవారు, అత్తమామల్నీ ఎరిగినవారు. ఆయన ముందు కోడలు ఎంతని చెప్పుకోగలదు?

తలుపుకి పైసగం అద్దం పెట్టిస్తాం. లోపలివాళ్లు కనపడతారు, మాట మాత్రం బయటికి వినపడదు. ఇద్దరికీ అదే రక్షణ. రాసుకున్న కాగితాలు బీరువాలో, తాళం కౌన్సెలర్ దగ్గరే. కమిటీ పెద్దలమైనా మేం అడగకూడదు. అయితే ప్రాణాపాయం ఉందనిపించినా, చిన్నపిల్లల మీద లైంగిక అఘాయిత్యం సంగతి తెలిసినా దాచడం కుదరదు. పిల్లల విషయంలో 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపాల్సిందే. ఈ సంగతి మొదటిరోజే, వాళ్లు నోరు తెరవకముందే చెబుతాం. దెబ్బలు తింటున్న మనిషిని "సర్దుకుపో తల్లీ" అని వెనక్కి పంపం. ముందు ఆమె క్షేమం చూస్తాం. డాక్టరు రాసిన మందులు మానమని ఎవరూ అనరు. అవసరమైతే మానసిక వైద్యుల దగ్గరికి తోడు వెళ్తాం.

ఇక లెక్క. గది మరమ్మతు, తలుపు, ఫ్యాను, కుర్చీలు, బీరువాకు రూ. 1,40,000. ఇద్దరు కౌన్సెలర్లకు నెలకు మొత్తం రూ. 12,000 చొప్పున ఏడాదికి రూ. 1,44,000. సంఘంలోని వాలంటీర్ల శిక్షణకు రూ. 36,000. మొత్తం రూ. 3,20,000. మన స్త్రీల సమాజం పిడికెడు బియ్యం అమ్మిన డబ్బులో రూ. 20,000 అప్పుడే ఇచ్చేసింది. వండే ముందు ఎసట్లో పోసేదాంట్లోంచి పిడికెడు తీసి పక్కన పెట్టిన తల్లుల డబ్బు అది. మిగతా మూడు లక్షలు మనం చూడాలి.

వందైనా, పదివేలైనా కోశాధికారిగారికి ఇచ్చి రసీదు తీసుకోండి. దూరాన ఉన్నవారు మన సంఘం ఖాతాకే పంపండి, వ్యక్తుల నంబర్లకు వద్దు. పేరు వద్దనుకుంటే కవరు మీద "గది కోసం" అని రాసి కానుకల పెట్టెలో వేయండి. ప్రతి నెలా జమాఖర్చులు నోటీసు బోర్డులో అంటిస్తాం. ఎంత ఇచ్చినవారికైనా డబ్బు లెక్క చెబుతాం గానీ, గదికి ఎవరొచ్చారో చెప్పం. దయచేసి అడగొద్దు.

వడ్రంగం, కరెంటు పని తెలిసిన తమ్ముళ్లు ఒక్కో శనివారం వచ్చి చేయి వేస్తే మరమ్మతు ఖర్చు తగ్గుతుంది. గది తెరిచేలోపు మనసు బాగోలేక ఇబ్బంది పడుతున్నవారు, వారి ఇంటివారు ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. ఏ వేళైనా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బేమీ కట్టనక్కర్లేదు.

ఇట్లు,
సంఘ కమిటీ, ఒంగోలు