సాయంత్రం ట్రిప్పులు ఆపేశాం, టికెట్టు పెంచాం: కారణం చెబుతాను

నమస్కారమండీ. విజయవాడ ప్రకాశం బ్యారేజీ గేట్లు దించేశారు, కృష్ణలో నీళ్ళు తేటపడ్డాయి. వచ్చే ఆదివారం నుంచి భవానీపురం వైపు రేవులో మళ్ళీ కయాక్‌లు, అంటే తెడ్డుతో నడిపే చిన్న పడవలు, దించుతున్నాం. జూలై నుంచి "ఎప్పుడు మొదలెడతారు" అని అడుగుతూనే ఉన్నారు కాబట్టి ముందు ఆ మాట. రెండో మాట మీలో చాలామందికి నచ్చదు. సూర్యాస్తమయం ట్రిప్పు ఇక ఉండదు. మనిషికి 400 ఉన్న టికెట్టు 550 చేశాం. రెండింటికీ కారణం ఒకటే. అది కొందరికి తెలుసు, చాలామందికి తెలియదు. నేనే చెప్పడం న్యాయం.

మొన్న ఏప్రిల్లో ఒక శనివారం సాయంత్రం అయిదింటికి పన్నెండు మందిని తీసుకుని బయల్దేరాం. మా తమ్ముడు ముందు, నేను వెనక. ఎండాకాలం సాయంత్రాలు మన ఊళ్ళో పైరగాలి తిరుగుతుంది కదా, సముద్రం వైపు నుంచి చల్లగా వస్తుంది. ఆ గాలి మా వీపు మీద పడి కయాక్‌లను భవానీ ద్వీపం వైపు తోసుకుపోయింది. మొదటిసారి తెడ్డు పట్టినవాళ్ళు కూడా ఇరవై నిమిషాల్లో ద్వీపం కొసకి చేరిపోయారు. ఎంత తేలికో అని అందరూ సంబరపడ్డారు, నేనూ సంబరపడ్డాను. వెనక్కి తిరిగాక గానీ తెలియలేదు. అదే గాలి ఇప్పుడు ముఖాన కొడుతోంది. చేతులు అలిసిపోయాయి, చిన్న చిన్న అలలు లేచాయి. రెండు కయాక్‌లు, నలుగురు మనుషులు, ఎంత తోసినా ముందుకు రాలేక ద్వీపం పక్కనున్న గుర్రపుడెక్కలోకి కొట్టుకుపోయారు. వాళ్ళలో పన్నెండేళ్ళ పాప ఒకతి. మా తమ్ముడు మిగతా ఎనిమిది మందిని ఒడ్డుకి చేర్చే పనిలో ఉన్నాడు, నా దగ్గర లాగడానికి మోకు లేదు. చీకటి పడిపోయింది. వలలు తీయడానికి వచ్చిన ఒక బాబాయ్ తన ఇంజను పడవకి వాళ్ళ కయాక్‌లను కట్టి తీసుకొచ్చాడు. అప్పటికి ఏడు దాటింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. అందరికీ లైఫ్ జాకెట్లు ఉన్నాయి. కానీ ఆ పాప ఒడ్డుకి దిగాక వాళ్ళమ్మని వదలకుండా పట్టుకుని ఉండడం నేను మరిచిపోలేను. తప్పు పూర్తిగా నాది.

బాబాయ్ డబ్బులు తీసుకోలేదు. మాట మాత్రం అన్నాడు: "గాలి తోస్తుంటే నీ బలం అనుకున్నావమ్మా. వచ్చేటప్పుడు కూడా అదే గాలి కదా." నలభై ఏళ్ళుగా ఈ నీళ్ళ మీద వల వేస్తున్న మనిషి ఆయన. మర్నాడు పొద్దున్న ఆయన దగ్గరికి వెళ్ళి కూర్చుని ఏ నెలలో గాలి ఎటు తిరుగుతుందో అడిగి రాసుకున్నాను. ఈ పని మొదలుపెట్టిన రోజే చేయాల్సింది.

అందుకే ఇకనుంచి పొద్దున్న మాత్రమే. ఆరున్నరకి దిగుతాం, ఎనిమిదిన్నర లోపు ఒడ్డున ఉంటాం. ఆ వేళ గాలి దాదాపు ఉండదు. ఉంటే ముందు ఎదురుగాలికి వెళ్తాం, ఒంట్లో బలం ఉన్నప్పుడే కష్టమైన సగం అయిపోతుంది, వచ్చేటప్పుడు గాలే తీసుకొస్తుంది. నలుగురికి ఒక గైడు, ప్రతి గైడు దగ్గరా మోకు, ఈల. ఒక విడతకి ఎనిమిది మందిని మించి తీసుకోం. పెరిగిన 150 రూపాయలు ఈ గైడ్ల జీతానికే పోతాయి. రేవు పక్క ఊళ్ళో ఈత వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళని తీసుకున్నాం.

వానాకాలంలో ఎందుకు మూసేస్తారని కూడా అడుగుతుంటారు. "నది నిండుగా, అందంగా ఉంది కదండీ" అంటారు. అందంగానే ఉంటుంది, అదే ప్రమాదం. మన బ్యారేజీలో ఆగే నీళ్ళు మూడు టీఎంసీలు దాటితే ఎక్కువ. పైన సాగర్, పులిచింతల వదిలిందంతా దాదాపు వచ్చినట్టే కిందికి పోవాలి. గేట్లు ఎత్తాక కూడా పైకి నీళ్ళు కదలనట్టే కనబడతాయి, అడుగున మాత్రం లాగుతుంటుంది. మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 3.97 లక్షల క్యూసెక్కులప్పుడు. మేం అంతదాకా ఆగం. 70 గేట్లలో ఒక్కటి అడుగు ఎత్తినా ఆ రోజు కయాక్ దించం. బ్యారేజీ వైపుకి, కాలువల్లోకి నీళ్ళు వదిలే గేట్ల (హెడ్ రెగ్యులేటర్ల) వైపుకి ఏ రోజూ వెళ్ళం.

2024 సెప్టెంబరు మొదట్లో 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. బ్యారేజీ చరిత్రలో అంత వరద ఎప్పుడూ లేదు. తాళ్ళు తెంచుకున్న పెద్ద పడవలు వచ్చి గేట్లకి కొట్టుకున్నాయి, భవానీ ద్వీపం మునిగిపోయింది. మా షెడ్డులోకి నీళ్ళు రావడంతో ఆరు కయాక్‌లు పోయాయి. ఆ వరదకి ముందే బుక్ చేసుకున్నవాళ్ళకి డబ్బు తిరిగి ఇవ్వడంలో చాలా ఆలస్యం చేశాం. చేతిలో ఉన్నది కొత్త జాకెట్లకి ఖర్చు పెట్టేశాను. ముందు మీ డబ్బు తిరిగి ఇచ్చి, తర్వాత జాకెట్లు కొనాల్సింది. క్షమించండి. ఇప్పుడు బుకింగ్ డబ్బు వేరే ఖాతాలో ఉంటుంది, ట్రిప్పు అయ్యేదాకా ముట్టుకోను. మేం రద్దు చేస్తే రెండు రోజుల్లో మీకు చేరుతుంది.

జాకెట్ గురించి ఒక్క మాట. "లోతు లేదుగా, ఫోటోకి బాగుండదు" అని విప్పబోతారు కొందరు. 2017 నవంబరు 12న, అదీ ఇప్పటిలాగే కార్తీక మాసమే, ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా పోయారు. ఈ ఊళ్ళో పడవ నడిపేవాళ్ళెవరూ ఆ రోజుని మరిచిపోకూడదు. జాకెట్ బకిల్ తీస్తే ట్రిప్పు అక్కడితో ఆపి వెనక్కి తీసుకొస్తాం. మొహమాటపడం.

బందరు కాలువలోనో ఏలూరు కాలువలోనో తీసుకెళ్ళమనేవాళ్ళూ ఉన్నారు. ఒకప్పుడు ఏలూరు కాలువ మీదుగానే కాకినాడ నుంచి మద్రాసు దాకా సరుకు పడవలు నడిచాయి. నాకూ ఆశే. కానీ ఇప్పుడు వంతెనలు కిందికున్నాయి, డెల్టాకి నీళ్ళు వదిలినప్పుడు ఒరవడి ఎక్కువ, పడితే పట్టుకుని ఎక్కడానికి గట్టు దొరకదు. మురుగు సంగతి మీకే తెలుసు. అవి బాగుపడే రోజు వస్తే మొదటి కయాక్ నేనే దించుతాను.

ఇక పొద్దున ట్రిప్పు ఎలా ఉంటుందో చెప్పాలి, సాయంత్రం పోయిందని బాధపడేవాళ్ళ కోసం. ఆ వేళకి నీళ్ళు అద్దంలా ఉంటాయి, ఇంద్రకీలాద్రి తలకిందులుగా కనబడుతుంది. గుడి మైకు నీళ్ళ మీదుగా మెల్లగా వినబడుతుంది. రాళ్ళ మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటాయి. లకుముకి పిట్ట వాలిన గెడ పక్కనుంచి చప్పుడు చేయకుండా వెళ్తే ఎగిరిపోదు. గంటన్నరలో మనం తిరిగేది రెండు కిలోమీటర్లకి మించదు, మధ్యలో పది నిమిషాలు తెడ్డు ఒళ్ళో పెట్టుకుని ఊరికే తేలుతాం. ఎవరితోనూ పోటీ లేదు. మావి పైన కూర్చునే రకం కయాక్‌లు, పక్కకి ఒరిగినా మనిషి లోపల ఇరుక్కోడు. చేతులతో లాగకుండా నడుము తిప్పుతూ తెడ్డు వేస్తే భుజాలు నొప్పెట్టవు. ఒడ్డునే పావుగంట నేర్పిస్తాం.

ఈ నెల అంతా కార్తీక స్నానాలు. రేవుల దగ్గర తెల్లవారుజామున అరటి దొప్పల్లో దీపాలు వదులుతారు. అవి తేలుతున్న చోటికి కయాక్‌లు తీసుకెళ్ళం, స్నానాలు చేసేవాళ్ళకి దూరంగా చుట్టు తిరిగి పోతాం. దూరం నుంచి చూస్తేనే ఇంకా బాగుంటాయి. ఫోటోలు తీసేటప్పుడు మనుషుల వైపు కెమెరా తిప్పకండి, దయచేసి.

రేపు పుష్యమాసం వస్తే మంచు కూడా ఉంటుంది. అవతలి ఒడ్డు కనబడేదాకా దిగం, అరగంట ఆలస్యమైనా సరే. ఆ అరగంటా ఒడ్డున టీ ఉంటుంది. తడిసినా ఫర్వాలేని బట్టలు, టోపీ, మంచినీళ్ళు తెచ్చుకోండి. చెప్పులు వద్దు. ఈత రాకపోయినా రావచ్చు, ఆ సంగతి ముందే చెప్పండి. పన్నెండేళ్ళ లోపు పిల్లల్ని ఈ ఏడాదికి తీసుకోవడం లేదు. గాలి బాగోకపోతే అయిదున్నరకే మెసేజ్ పెడతాను, పడుకోండి. ఏప్రిల్లో నాతో వచ్చిన ఆ పన్నెండు మందికీ ఫోన్ చేశాను. ఏడుగురు మళ్ళీ వస్తామన్నారు. ఆ పాప వాళ్ళమ్మ ఇంకా ఆలోచించుకుంటానన్నారు. ఆవిడ తొందరపడనక్కర్లేదు, సీటు ఉంచుతాను.